హెడ్మాస్టరు మారితే పిల్లల చదువు మారుతుందా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో రెండు రకాల వార్తలు కనిపిస్తాయి. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత తెచ్చిన బడి హెడ్మాస్టరుకు శాలువా కప్పుతున్న ఫొటో ఒకటి. ఫలితాలు పడిపోయిన బడుల హెడ్మాస్టర్లకు మెమోలు వెళ్లాయన్న వార్త ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 86.69 శాతం మంది పాసయ్యారు. 2025లో అది 81.14 శాతానికి తగ్గింది. ఏడాది తిరిగేసరికి రాష్ట్రంలోని హెడ్మాస్టర్లందరి సామర్థ్యం తగ్గిపోయిందని ఎవరూ అనరు. ప్రశ్నపత్రం, మూల్యాంకనం, ఆ బ్యాచ్ పిల్లలు, ఇలా ఎన్నో కారణాలు వెతుకుతారు. ఒక్క బడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వెతుకులాట ఆగిపోయి, వేలు నేరుగా హెచ్‌ఎం గది వైపు చూపిస్తుంది.

శాలువాకైనా మెమోకైనా ఆధారమైన నమ్మకం ఒకటే. పిల్లల చదువు హెడ్మాస్టరు చేతిలో ఉందని. ఈ నమ్మకంలో నిజం ఉంది. ఎంత నిజం ఉంది, ఆ ప్రభావం ఏ దారిలో పిల్లల దాకా చేరుతుంది అన్న ప్రశ్నలను మాత్రం మనం సరిగా పట్టించుకోలేదు. హెచ్‌ఎం ప్రభావం టీచరు పాఠం మీదుగానే పిల్లవాడికి చేరుతుంది. మన ప్రభుత్వ బడుల్లో సరిగ్గా ఆ దారినే మూసేసి, ఫలితాలు ఏవని హెచ్‌ఎంను అడుగుతున్నాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మంచి బడి వేరు, మంచి హెచ్‌ఎం వేరు

మండల కేంద్రంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు ఉందనుకుందాం. ప్రతి సబ్జెక్టుకూ టీచరు ఉన్నారు. తల్లిదండ్రుల్లో కొందరు ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లే పిల్లలూ ఉన్నారు. ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకో హైస్కూలు. అక్కడ గణితం పోస్టు ఖాళీ. పత్తి తీతల రోజుల్లో సగం బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఈ రెండు బడుల ఫలితాలను పక్కపక్కన పెట్టి మొదటి బడి హెచ్‌ఎం సమర్థుడు, రెండో బడి హెచ్‌ఎం అసమర్థుడు అంటే అన్యాయం. పైగా బదిలీల కౌన్సెలింగ్‌లో సీనియారిటీ ఉన్నవారు సహజంగానే రోడ్డు పక్క బడులను కోరుకుంటారు. అంటే అనుభవం ఉన్న హెచ్‌ఎంలు, చదువుకు అనుకూలించే ఇళ్లు రెండూ ఒకేచోట పోగవుతాయి. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

ఈ చిక్కు విప్పడానికి పరిశోధకులు ఒక ఉపాయం పట్టారు. వేర్వేరు బడులను పోల్చకుండా, ఒకే బడిలో ప్రిన్సిపాల్ మారినప్పుడు ఏం జరిగిందో చూశారు. పిల్లల మొత్తం మార్కులను పక్కనపెట్టి, గత ఏడాదితో పోలిస్తే అదే పిల్లవాడు ఎంత ముందుకు వెళ్లాడో లెక్కగట్టారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర గణాంకాలతో బ్రాంచ్, హనుషెక్, రివ్కిన్ అనే ఆర్థికవేత్తలు 2013లో ఇలాంటి లెక్కే ప్రచురించారు. చాలా సమర్థుడైన ప్రిన్సిపాల్ ఉన్న బడిలో సగటు విద్యార్థి ఒక్క విద్యా సంవత్సరంలో రెండు నుంచి ఏడు నెలల చదువు అదనంగా నేర్చుకుంటున్నాడని తేలింది. అసమర్థులున్న చోట దాదాపు అంతే నష్టం. 2021లో గ్రిసమ్, ఎగలైట్, లిండ్సే అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూశారు. వందమంది ప్రిన్సిపాళ్లను సామర్థ్యం ప్రకారం వరుసలో నిలబెట్టి, కింది నుంచి 25వ స్థానంలో ఉన్నవారి బదులు 75వ స్థానంలో ఉన్నవారిని పెడితే, ఏడాదికి దాదాపు మూడు నెలల చదువు అదనంగా కలుస్తుందని చెప్పారు.

మంచి టీచరు వల్ల ఒక పిల్లవాడికి కలిగే లాభం ఇంతకంటే తక్కువేమీ కాదు. కానీ టీచరు ప్రభావం తన తరగతి పిల్లల వరకే. హెచ్‌ఎం ప్రభావం బడి మొత్తానికి చేరుతుంది. ఐదు వందల మంది పిల్లలున్న హైస్కూలులో ఆ తేడా ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

అయితే ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చి మన బడులకు అతికించకూడదు. అమెరికాలో చాలాచోట్ల ప్రిన్సిపాల్ టీచర్లను ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు, పనితీరు బాగాలేని వారిని పంపించడంలో ఆయన మాటకు విలువ ఉంటుంది. మన హెచ్‌ఎంకు డీఎస్సీ ద్వారా వచ్చినవారు, బదిలీల్లో వచ్చినవారే సిబ్బంది. ఎవరు రావాలో, ఎవరు వెళ్లాలో ఆయన చేతిలో లేదు. కాబట్టి ఆ మూడు నెలల లెక్కను ఒక దిక్సూచిగానే తీసుకోవాలి. నాయకత్వంతో తేడా వస్తుందని అది చెబుతుంది. మన దగ్గర ఎంత తేడా వస్తుందన్నది వేరే ప్రశ్న.

టీచరు మీదుగా వెళ్లే దారి

హెచ్‌ఎం పిల్లలకు మంచి జరగాలని ఎంత కోరుకున్నా, ఎనిమిదో తరగతి పిల్లవాడి ముందు రోజూ నిలబడేది టీచర్లే. హెచ్‌ఎం కూడా కొన్ని పీరియడ్లు తీసుకుంటారు, అది వేరు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వివియన్ రాబిన్సన్, ఆమె సహ పరిశోధకులు 2008లో ప్రచురించిన విశ్లేషణ ఈ విషయాన్ని చక్కగా విడదీసింది. బడి నాయకులు చేసే పనులను ఐదు రకాలుగా విభజించి, ఒక్కోదానికీ పిల్లల ఫలితాలకూ ఎంత సంబంధం ఉందో ఒకే కొలమానంపై లెక్కగట్టారు. అంకె ఎంత పెద్దదైతే సంబంధం అంత గట్టిదన్నమాట. క్రమశిక్షణతో కూడిన వాతావరణం కల్పించడానికి 0.27 వచ్చింది. వనరులు సమకూర్చడానికి 0.31. స్పష్టమైన లక్ష్యాలు పెట్టడానికి 0.42. బోధనను ప్రణాళికతో నడిపించి సమీక్షించడానికీ 0.42. టీచర్లు నేర్చుకునేలా చేస్తూ, ఆ నేర్చుకోవడంలో తానూ పాల్గొనడానికి 0.84.

చివరి అంకె కొద్ది అధ్యయనాల నుంచే వచ్చింది. ఇవన్నీ సంబంధాన్ని చూపేవే తప్ప కారణాన్ని నిరూపించేవి కావు. అయినా ఆ వరుస చూస్తే మనకు బాగా తెలిసిన ఒక అలవాటు మీద సందేహం రాక మానదు. మనం మంచి హెచ్‌ఎం అని ఎవరిని మెచ్చుకుంటాం? బడికి రంగులు వేయించినవారిని, దాతలతో డ్యూయల్ డెస్కులు ఇప్పించినవారిని, ప్రేయర్‌లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం తెచ్చినవారిని. ఇవి అవసరమే. కానీ ఆ పట్టికలో అట్టడుగున ఉన్నవి ఇవే. టీచర్లతో కలిసి కూర్చుని “ఈ పాఠం పిల్లలకు ఎందుకు ఎక్కలేదు?” అని మాట్లాడే హెచ్‌ఎంకు ఎవరూ శాలువా కప్పరు. బయటివాళ్ల కంటికి ఆ పని కనిపించదు.

అలాగని హెచ్‌ఎం తరగతుల చుట్టూ తిరిగితే సరిపోతుందా? సరిపోదని అమెరికాలోని మయామీ-డేడ్ కౌంటీ బడుల మీద 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. సుమారు వందమంది ప్రిన్సిపాళ్ల వెంట రోజంతా ఉండి, ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో పరిశోధకులు రాసుకున్నారు. బోధనకు సంబంధించిన పనులన్నీ కలిపినా వాళ్ల సమయంలో 12.7 శాతమే. అందులో అన్నిటికంటే పెద్ద వాటా తరగతిలోకి తొంగిచూసి కొద్ది నిమిషాల్లో బయటికి వచ్చేయడానికే పోయింది. అలాంటి తొంగిచూపులు ఎక్కువగా ఉన్నచోట పిల్లల ప్రగతి తక్కువగా ఉంది, ముఖ్యంగా హైస్కూళ్లలో. టీచర్లకు దగ్గరుండి తోడ్పడటానికి, వారి పనిని మదింపు చేయడానికి సమయం పెట్టినచోట ప్రగతి ఎక్కువగా కనిపించింది.

నాకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించలేదు. తలుపు దగ్గర నిలబడి చూసే హెచ్‌ఎం టీచరుకు తనిఖీ అధికారిలాగే కనిపిస్తారు. ఆ రెండు నిమిషాలు టీచరు గొంతు పెరుగుతుంది, సుద్దముక్క బోర్డు మీద చకచకా కదులుతుంది. ఆయన వెళ్లగానే అన్నీ మామూలే. పర్యవేక్షణ రిజిస్టర్లు తిరగేస్తే “బోధన బాగుంది, బోర్డు వాడకం మెరుగుపరచుకోవాలి” అన్న వాక్యం ఏ సబ్జెక్టుకైనా, ఏ టీచరుకైనా సరిపోయేలా కనిపిస్తుంది. దానితో ఏ టీచరూ ఏమీ చేయలేరు.

పనికొచ్చే పరిశీలన ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఏడో తరగతిలో భిన్నాల కూడిక జరుగుతోంది. హెచ్‌ఎం మేడం పీరియడ్ మొదట్లోనే వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. గంట కొట్టేదాకా కదల్లేదు. టీచరు బోర్డు మీద లెక్కలు చక్కగా చేశారు, ముందు బెంచీల పిల్లలు గట్టిగా జవాబులు చెప్పారు. తలుపు దగ్గర నుంచి చూస్తే బ్రహ్మాండమైన క్లాసు. మేడం మాత్రం పక్కనున్న పిల్లల నోటుబుక్కులు చూశారు. రెండో వంతుకు మూడో వంతు కలిపి, పైవి పైవి, కిందవి కిందవి కూడేసి రెండు బై ఐదు అని రాసుకున్నారు చాలామంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో ఆ నోటుబుక్కులు రెండు టేబుల్ మీద పెట్టి, “సార్, వీళ్లు ఇలా ఎందుకు చేస్తున్నారంటారు?” అని అడిగారు. తప్పు మీదని అనలేదు. ఇద్దరూ ఆలోచించి, రేపు చపాతీ బొమ్మలు గీయించి ముక్కలు లెక్కపెట్టిద్దామనుకున్నారు. తరువాతి వారం అదే తరగతికి, అదే టాపిక్ ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఆమె మళ్లీ వెళ్లారు.

ఈ ఉదాహరణలో హెచ్‌ఎం గణితం టీచరు కానక్కర్లేదు. సోషల్ నుంచో తెలుగు నుంచో వచ్చిన హెచ్‌ఎంలు “నాది ఆ సబ్జెక్టు కాదు, నేనేం చెప్పగలను?” అంటుంటారు. పాఠంలో లోతు తెలియకపోవచ్చు. కానీ చివరి బెంచీ పిల్లవాడి నోటుబుక్కులో ఏముందో చూడటానికి సబ్జెక్టు అడ్డం కాదు. అంతకుమించి కావాలంటే పక్క బడిలోని అనుభవం ఉన్న గణితం టీచరును ఒక పూట పిలిపించుకోవచ్చు. ఈ పద్ధతిలో అసలు బలం ఆ రెండోసారి వెళ్లడంలోనే ఉంది.

స్కోర్‌కార్డులు నిండిన మధ్యప్రదేశ్

పై అధికారులకు ఈ మాట చెబితే, సరే, రాష్ట్రమంతా ఒక ఫార్మాట్ తయారుచేద్దాం అంటారు. అలాంటి ప్రయత్నం మధ్యప్రదేశ్‌లో జరిగింది. ప్రతి బడినీ శిక్షణ పొందినవారు చూసి మదింపు చేయాలి, గ్రేడులు ఇవ్వాలి. లోపాలను బట్టి ఆ బడికే ప్రత్యేకంగా మెరుగుదల ప్రణాళిక రాయాలి. క్లస్టర్ (దగ్గరదగ్గరి బడుల సముదాయం) స్థాయి సిబ్బంది అప్పుడప్పుడూ వచ్చి అమలు చూడాలి. ప్రపంచంలో మంచివనుకున్న పద్ధతులన్నీ కలిపి చేసిన రూపకల్పన ఇది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ 1,700కు పైగా బడుల్లో దీన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. లాటరీ పద్ధతిలో కొన్ని బడులకు కార్యక్రమం ఇచ్చి, మిగతావాటితో పోల్చి చూశారు.

మదింపులు నిజంగానే జరిగాయి. ప్రణాళికలూ రాశారు. కానీ టీచర్ల హాజరు మారలేదు, బోధన మారలేదు, పిల్లల చదువు మారలేదు. క్షేత్రస్థాయిలో మాట్లాడితే అది ఇంకో కాగితాల పనిగా మారిపోయిందని తెలిసింది. దాని తరువాత జరిగింది ఇంకా బాధ కలిగిస్తుంది. కాగితం మీద అన్నీ పూర్తయ్యాయి కాబట్టి కార్యక్రమం విజయవంతమైందనుకున్నారు. ఆ నమూనా దేశంలో ఆరు లక్షలకు పైగా బడులకు విస్తరించింది. శాలా సిద్ధి అన్న దాని పేరు మన హెచ్‌ఎంలకు బాగా తెలుసు. ఆన్‌లైన్‌లో స్వీయ మూల్యాంకనం నింపమని వచ్చిన ఆదేశాలు వాళ్లకు గుర్తుండే ఉంటాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు చాలాముందే ఇలాంటి సంకేతం ఒకటి వచ్చింది. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చేసిన ఒక ప్రయోగంలో టీచర్లకు పిల్లల స్థాయి గురించి వివరమైన నివేదికలు ఇచ్చారు. ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో అందులో ఉంది. అప్పుడప్పుడూ తరగతి గది పరిశీలనా జరిగింది. ఎవరైనా చూస్తున్నప్పుడు ఆ టీచర్లు కాస్త ఎక్కువ కష్టపడ్డారు. ఏడాది చివర పరీక్ష పెడితే, నివేదికలు అందని బడుల పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు. వాళ్లే చేసిన ఇంకో ప్రయోగంలో మాత్రం, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చినచోట రెండేళ్లలో మార్కులు స్పష్టంగా పెరిగాయి. బోనస్ ఒక్కటే మార్గమని నేననను. ఈ రెండిటినీ కలిపి చదివితే ఒకటి తెలుస్తుంది. సమాచారం ఇచ్చినంతమాత్రాన ఎవరూ మారరు. ఆ సమాచారంతో ఏదో ఒకటి చేయాలన్న కారణం టీచరుకు కావాలి. డబ్బు కారణం కావచ్చు. తన పనిని శ్రద్ధగా గమనిస్తూ, వచ్చేవారం మళ్లీ వచ్చి అడిగే మనిషి కూడా కారణం కావచ్చు. బడిలో రోజూ ఉండే ఆ మనిషి హెచ్‌ఎం ఒక్కరే.

చేతిలో లేని అధికారం, చేతిలో ఉన్న టైంటేబుల్

2003లో దేశవ్యాప్తంగా ముందస్తు సమాచారం లేకుండా బడులకు వెళ్లి చూసిన ఒక పెద్ద సర్వేలో, ప్రభుత్వ ప్రాథమిక బడుల టీచర్లలో నాలుగో వంతు మంది ఆ రోజు బడిలో లేరు. అదే సర్వేలో దాదాపు 3,000 ప్రభుత్వ బడుల్లో, పదేపదే గైర్హాజరైన టీచరును ఉద్యోగం నుంచి తొలగించామని చెప్పిన హెడ్మాస్టరు ఒక్కరే. హెచ్‌ఎం చేతిలో ఏముందో ఏం లేదో ఇంతకంటే సూటిగా చెప్పలేం. ఇటీవల మన ప్రాంతపు ప్రభుత్వ, ప్రైవేటు బడుల నిర్వహణను లెమోస్, మురళీధరన్, స్కర్ అధ్యయనం చేశారు. ప్రభుత్వ బడుల నిర్వహణ స్కోరు సంపన్న దేశాలకంటే చాలా తక్కువగా ఉంది. ప్రైవేటు బడులు ముందున్నది ప్రధానంగా సిబ్బంది నిర్వహణలో, అంటే మంచి టీచరును గుర్తించడం, నిలబెట్టుకోవడం లాంటి విషయాల్లో. నిర్వహణ బాగున్న ప్రైవేటు బడులు మంచి టీచర్లను నిలుపుకుంటున్నాయి. ప్రభుత్వ బడుల్లో అలాంటి ఆనవాలు కనిపించలేదు.

అయితే టీచర్లను తీసేసే అధికారం హెచ్‌ఎంకు ఇవ్వాలా? ఇవ్వకూడదనే నా అభిప్రాయం. ఊరి రాజకీయాలు, కులం, పంచాయతీ తగాదాలు బడి గేటు దాకా వచ్చే చోట ఆ అధికారం ఎవరి మీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రైవేటు బడుల టీచర్లు ఏ భద్రతా లేకుండా, తక్కువ జీతానికి ఎలా నలుగుతున్నారో చూస్తూనే ఉన్నాం.

కానీ హెచ్‌ఎం చేతిలో ఇప్పటికే ఉన్న ఒక అధికారాన్ని మనం గుర్తించడం లేదు. టైంటేబుల్. ఏ తరగతికి ఎవరు పాఠం చెప్పాలో జూన్‌లో నిర్ణయించేది హెచ్‌ఎం. సాధారణంగా ఏం జరుగుతుంది? బాగా చెప్పే టీచరును పదో తరగతికి వేస్తారు. తొమ్మిదికి ఆ తరువాతివారు. ఆరో తరగతి ఎవరికి మిగిలితే వారికి. ప్రాథమిక బడిలోనూ అంతే. ఐదో తరగతికి సీనియర్, ఒకటో తరగతికి కొత్తగా వచ్చినవారు. కానీ చదవడం, రాయడం, కూడిక తీసివేతలు కుదిరేది, కుదరకపోతే బిగుసుకుపోయేది కింది తరగతుల్లోనే. ఆ పిల్లలకు బడిలోకెల్లా ఓపిక, నేర్పు ఉన్న టీచరు కావాలి. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. హెచ్‌ఎంకు కాస్త ధైర్యం కావాలి. ఎందుకంటే ఆ మంచి టీచరును ఆరో తరగతికి వేసిన ఏడాది పదో తరగతి శాతం రెండు పాయింట్లు తగ్గితే మెమో వచ్చేది ఆయనకే.

మెమోల వ్యవస్థ చేసే హాని ఇక్కడే ఉంది. పదో తరగతిని మాత్రమే కొలిస్తే, బడి శక్తి అంతా పదో తరగతికే పోతుంది. డిసెంబరులో వంద రోజుల ప్రణాళిక వస్తుంది. స్లిప్ టెస్టులు, ఉదయం సాయంత్రం స్టడీ అవర్స్, వెనకబడినవారిని టీచర్లకు తలా ఇంతమందని దత్తత ఇవ్వడం. 35 మార్కులు ఎలా దాటించాలన్నదే అందరి టెన్షన్. టీచర్లు నిజంగా కష్టపడతారు, కొందరు పిల్లలకు తమ డబ్బుతో స్నాక్స్ పెడతారు. ఆ కష్టాన్ని తక్కువ చేయను. కానీ పెద్ద ప్రశ్నకు ఏది బట్టీ పట్టాలో నేర్పినంత మాత్రాన, ఐదేళ్ల కిందట చదవడం రాకుండానే ఆరో తరగతిలో చేరిన పిల్లవాడికి చదవడం రాదు. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతమే రెండో తరగతి పాఠం చదవగలిగారు. అంతకుముందు సర్వే కంటే మెరుగైన అంకె అది. మిగతావాళ్లంతా ఏదో ఒక రోజు ఏదో ఒక హైస్కూలుకు వస్తారు.

ఆ హైస్కూలు హెచ్‌ఎం జూన్‌లోనే ఆరో తరగతి పిల్లలందరితో ఒక్కొక్కరి చేతా ఒక పేరా చదివించి చూస్తే చాలు, రాబోయే ఐదేళ్ల పని ఏమిటో తెలిసిపోతుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు, ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల స్థాయిని బట్టి బోధించే ప్రయత్నాలు ప్రాథమిక బడుల్లో ఈ దిశగా వచ్చినవే. హైస్కూళ్లలో ఆ పని ఇంకా ఎవరిదీ కానట్టే ఉంది.

హెచ్‌ఎం రోజు ఎటు పోతోంది

ఉదయం ప్రేయర్ అవగానే పిల్లల హాజరు, టీచర్ల హాజరు యాప్‌లో ఎక్కాలి. మధ్యాహ్న భోజనానికి ఎంతమంది, బియ్యం ఎన్ని కిలోలు, కోడిగుడ్లు వచ్చాయా, చిక్కీలు వచ్చాయా. మరుగుదొడ్ల ఫొటోలు. యూడైస్ (బడుల జాతీయ గణాంకాలు) వివరాలు, పిల్లల ఆధార్ తప్పులు, ఒక్కో విద్యార్థికీ ఇచ్చే అపార్ ఐడీలు, బూట్ల సైజులు. మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు నుంచి వాట్సాప్‌లో “అత్యవసరం” అంటూ ఒక పట్టిక, గంటలో పంపాలి. జీతాల బిల్లులు, స్కూల్ కమిటీ సమావేశం, రేపటి టెలికాన్ఫరెన్స్. నాడు-నేడు పనులు జరిగిన రోజుల్లో సిమెంటు, ఇసుక, తాపీ పని దాకా తల్లిదండ్రుల కమిటీతో కలిసి హెచ్‌ఎంలే చూసుకున్నారు. ఆ పనుల వల్ల బడులు బాగుపడ్డాయి. పిల్లలకు అన్నం, మరుగుదొడ్డి, బూట్లు కచ్చితంగా కావాలి. కానీ గుమాస్తా లేని బడిలో ఆ లెక్కలన్నీ హెచ్‌ఎం మీదే పడతాయి. మయామీలో ప్రిన్సిపాళ్లు 12.7 శాతం సమయమైనా బోధనకు పెట్టారు. మన మండలాల్లో ఎవరైనా ఒక హెచ్‌ఎం వెంట రోజంతా తిరిగి ఇలాంటి లెక్క రాస్తే ఎంత బాగుంటుందో.

మనం హెచ్‌ఎంలను తయారుచేసే పద్ధతి కూడా దీనికి తగ్గట్టే ఉంది. స్కూల్ అసిస్టెంటు సీనియారిటీని బట్టి హెచ్‌ఎం అవుతారు. అందుకు జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్), ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్) అనే డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసవ్వాలి. అవి నిబంధనలు, ఆఫీసు పని, లెక్కల పద్దుల పరీక్షలు. ఇంకో టీచరుకు పాఠం మెరుగుపరచుకోవడంలో ఎలా సాయపడాలన్నది ఆ ప్రయాణంలో ఎక్కడా ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. ప్రమోషన్ వచ్చేసరికి చాలామందికి రిటైర్మెంటు దగ్గరపడుతుంది. 2012లో ఢిల్లీలో పాఠశాల నాయకత్వానికి ఒక జాతీయ కేంద్రం ఏర్పాటైంది. 2020 జాతీయ విద్యా విధానం హెచ్‌ఎంలకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. గంటలు ఆన్‌లైన్ మాడ్యూళ్లతో నిండిపోవచ్చు. అమెరికాలోని హ్యూస్టన్‌లో ప్రిన్సిపాళ్లకు రెండేళ్లలో 300 గంటల శిక్షణ ఇచ్చి చూశారు. పాఠ ప్రణాళిక, పిల్లల పరీక్ష వివరాలతో బోధన సరిదిద్దడం, టీచర్లను గమనించి తోడ్పడటం అందులోని విషయాలు. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ ఫలితం నిలబడలేదు. ప్రిన్సిపాల్ అదే బడిలో కొనసాగడం ఎంత ముఖ్యమో ఆ ప్రయోగంలో కనిపించింది. శిక్షణ ఇచ్చిన మనిషిని ఏడాదిలో బదిలీ చేస్తే ఆ ఖర్చు వృథానే.

ఒక్క టీచరే ఉన్న బడి

ఇప్పటిదాకా చెప్పినదంతా హెచ్‌ఎం గది ఒకటి, టీచర్ల గది ఒకటి ఉన్న బడుల గురించి. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం 12 వేలకు పైగా బడుల్లో ఉన్నది ఒక్క టీచరే. దేశంలో ఇదే అత్యధికం. అక్కడ హెచ్‌ఎం, టీచరు, గుమాస్తా అన్నీ ఒకరే. ఆ టీచరు సెలవు పెడితే బడే లేదు. విద్యా హక్కు చట్టం కూడా ప్రాథమిక బడిలో 150 మందికి పైగా పిల్లలుంటేనే ప్రత్యేకంగా హెడ్ టీచరు ఉండాలంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టి తరగతికో టీచరు ఉండేలా చూస్తోంది. అది మంచి అడుగే. దూరంగా ఉన్న తండాలు, గూడేలలో మాత్రం చిన్న బడి ఉండక తప్పదు.

అలాంటి బడికి నాయకత్వం బయటి నుంచి రావాలి. చుట్టుపక్కల బడుల సముదాయాన్ని చూసే కాంప్లెక్స్ హెచ్‌ఎం, ఆ బడులకు తోడ్పడాల్సిన సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్), ఎంఈవోల నుంచి. కాంప్లెక్స్ హెచ్‌ఎంకు ఆయన హైస్కూలే సరిపోతుంది. తెలంగాణలో ఏళ్ల తరబడి చాలా మండలాలకు రెగ్యులర్ ఎంఈవోలు లేక, హెచ్‌ఎంలే అదనపు బాధ్యతగా ఆ కుర్చీ నడిపారు. అంటే ఒకే మనిషి రెండు ఆఫీసులు చూడాలి, రెండు చోట్లా తరగతి గదికి సమయం ఉండదు. సీఆర్పీలు ఎక్కువగా వివరాలు సేకరించి పైకి పంపే పనిలోనే ఉంటారు.

హర్యానాలో 2012-13లో జరిగిన ప్రయోగం ఈ విషయంలో నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడి ప్రభుత్వంతో కలిసి, పిల్లలను తరగతిని బట్టి కాకుండా చదివే స్థాయిని బట్టి గుంపులు చేసి, రోజూ ఒక గంట చదవడం నేర్పించింది. అంతకుముందు బీహార్, ఉత్తరాఖండ్‌లలో ప్రభుత్వ టీచర్ల ద్వారా ఇలాంటి ప్రయత్నాలు సరిగా ఫలించలేదు. హర్యానాలో ఒక పెద్ద మార్పు చేశారు. టీచర్లను పర్యవేక్షించాల్సిన క్లస్టర్, బ్లాకు స్థాయి సిబ్బందికి ముందు శిక్షణ ఇచ్చి, వాళ్లను బడులకు పంపి, 15 నుంచి 20 రోజులు స్వయంగా పిల్లలకు ఆ పద్ధతిలో చెప్పించారు. చదవడం రాని పిల్లవాడు వాళ్ల కళ్లముందే అక్షరాల నుంచి పదాలకు, పదాల నుంచి పేరాకు రావడం వాళ్లు చూశారు. ఆ తరువాతే వాళ్లు టీచర్లకు శిక్షణ ఇచ్చారు, బడులకు వెళ్లారు. ఆ పర్యవేక్షకుడు తరగతిలో కూర్చుంటే ఏం చూడాలో తెలుసు, టీచరు “ఇది మా పిల్లలకు కుదరదు సార్” అంటే తను చేసి చూపించగలడు. పిల్లల చదవడంలో మెరుగుదల కనిపించింది.

ఇది మన దగ్గర చేయలేనంత కష్టమైన పనేమీ కాదు. హెచ్‌ఎంగా ప్రమోషన్ వచ్చినవారు, ఎంఈవోగా బాధ్యత తీసుకునేవారు కొత్త కుర్చీలో కూర్చునే ముందు మూడు వారాలపాటు ఒక ప్రాథమిక బడిలో చదవడం రాని పిల్లల గుంపుకు చదవడం నేర్పాలి. జీఓటీ, ఈఓటీ పరీక్షలతో పాటు దీన్నీ ఒక అర్హతగా పెట్టవచ్చు. ప్రతి కాంప్లెక్స్‌కు ఒక గుమాస్తాను ఇచ్చి యాప్‌లు, పట్టికల పని ఆయనకు అప్పగించవచ్చు. మెమో రాసే ముందు జిల్లా విద్యాధికారి (డీఈవో) పదో తరగతి శాతంతో పాటు, ఈ బడిలో ఆరో తరగతిలో చేరినప్పుడు ఎంతమంది చదవలేకపోయారు, ఏడుకు వచ్చేసరికి ఎంతమంది చదువుతున్నారు అని అడగవచ్చు. ఈ మూడో దానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఈ జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు.